ఎదురుకాళ్ల బిడ్డకు ఏ దారి? అంకెలు చెప్పేది ఇదీ

నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టిన మనిషిని పిలిపించి వీపు మీద కాలితో తాకించుకోవడం మన పల్లెల్లో పాత వైద్యం. పట్టు విడుస్తుందో లేదో గానీ, ఆ మనిషి దొరకడమే ఇప్పుడు కష్టం. ఈ తరంలో ఎదురుకాళ్ల బిడ్డలు దాదాపు అందరూ ఆపరేషన్ థియేటర్లోనే కళ్లు తెరుస్తున్నారు. నిమ్మనపల్లె నుంచి మదనపల్లెకు స్కానింగ్‌కు వెళ్లొచ్చిన కోడలిని అత్త ‘ఏమన్నారే?’ అని అడిగితే, ‘తలకాయ పైన ఉండాదంట అత్తా, ఆపరేషనే అంటా ఉండారు’ అన్న జవాబుతో మాట అయిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో లెక్కలన్నీ డబ్బుకూ మంచి రోజుకూ సంబంధించినవే.

అసలు లెక్కలు వేరే ఉన్నాయి. వాటిని ఒకసారి చూద్దాం.

కడుపులో బిడ్డ తల పైకీ పిర్రలు కిందికీ ఉండటం ఏడో నెలలో వింతేమీ కాదు. 28 వారాలప్పుడు స్కాన్ చేస్తే ఐదుగురిలో ఒకరు అలాగే కనిపిస్తారు. నెలలు నిండేలోగా చాలామంది తమంతట తామే తిరిగి తలకిందులవుతారు. చివరికి మిగిలేది వందలో 3 నుంచి 4. అంటే ఏటా వెయ్యి కాన్పులు జరిగే ఆసుపత్రిలో 30 నుంచి 40 మంది. కాబట్టి ఏడో నెల రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ దిగులుపడటం తొందరపాటు. 36 వారాలకూ తిరగకపోతే అప్పుడు మాట్లాడుకోవాలి.

పేరు ఎదురుకాళ్లే అయినా నిజంగా కాళ్లు ముందు వచ్చేవాళ్లు తక్కువ. నెలలు నిండిన ఇలాంటి బిడ్డల్లో సుమారు మూడింట రెండొంతుల మంది కాళ్లు రెండూ పైకి చాచి, పాదాలు ముఖం దగ్గర పెట్టుకుని, పిర్రల మీద కూర్చుని ఉంటారు. కొందరు బాసింపట్టు వేసుకున్నట్టు ఉంటారు. మిగిలినవాళ్లకు ఒక కాలో రెండు కాళ్లో కిందికి జారి ఉంటాయి. ఈ తేడా చిన్నది కాదు. పిర్రలు ముందున్న బిడ్డకు బొడ్డుతాడు ముందే జారిపడే ప్రమాదం వందకు అర మాత్రమే. పాదం ముందున్న బిడ్డకు అది వందలో పదికి పైనే. అందుకే పాదం ముందుంటే మామూలు కాన్పు గురించి ఏ డాక్టరూ ఆలోచించరు. ‘బిడ్డ ఎదురు తిరిగింది’ అని విన్నవాళ్లు ఆ వెంటనే అడగాల్సిన మాట, ‘ఎట్లా కూర్చుంది?’ అని.

ఎదురుకాళ్ల కాన్పులో భయం ఎక్కడుందో తెలియాలంటే ఆ చివరి నిమిషాలను దగ్గరగా చూడాలి. తల ముందొచ్చే కాన్పులో బిడ్డ శరీరంలో అన్నిటికన్నా పెద్దదీ గట్టిదీ అయిన తల గంటల తరబడి నెమ్మదిగా ఒదుగుతూ దారి చేసుకుంటుంది. అది వచ్చేశాక మిగతా ఒళ్లు సులువుగా జారిపోతుంది. ఇక్కడ వరుస తారుమారు. మెత్తటి పిర్రలు వచ్చేస్తాయి, నడుము వస్తుంది, బొడ్డు కనిపిస్తుంది. ఆ క్షణం నుంచి బొడ్డుతాడు తల్లి ఎముకలకూ బిడ్డ తలకూ మధ్య నలుగుతూ ఉంటుంది. తల ఇంకా లోపలే ఉంది, ఒదగడానికి దానికి వ్యవధి లేదు. బొడ్డు బయటపడ్డాక మూడు నిమిషాల్లో తల రాకపోతే చేయి వేసి సాయం చేయాలని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ చెబుతుంది. అలాగని ముందే కంగారుపడి కాళ్లు పట్టి లాగితే చేతులు తల పక్కకు లేచిపోతాయి, గడ్డం పైకి లేస్తుంది, తల ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. అంటే చేయి ఎప్పుడు వేయకూడదో తెలియడం ఈ విద్యలో సగం. ఎప్పుడు వేయాలో, ఎలా వేయాలో తెలియడం మిగతా సగం. రెండూ పుస్తకంలో చదివితే వచ్చేవి కావు.

ఈ విద్యను ప్రపంచంలో చాలాచోట్ల ఒక్కసారిగా పక్కన పెట్టిన ఏడాది 2000. ఆ అక్టోబరులో ‘లాన్సెట్’ పత్రికలో కెనడా వైద్యురాలు మేరీ హన్నా బృందం ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. 26 దేశాలు, 121 ఆసుపత్రులు, 2,088 మంది గర్భిణులు. మన దేశపు ఆసుపత్రులూ అందులో ఉన్నాయి. చీటీ తీసినట్టుగా సగం మందిని ముందే నిర్ణయించిన సిజేరియన్‌కూ, సగం మందిని మామూలు కాన్పు ప్రయత్నానికీ కేటాయించారు. బిడ్డ చనిపోవడం లేదా తీవ్రంగా జబ్బుపడటం సిజేరియన్ గుంపులో 1,039 మందికి 17, అంటే 1.6 శాతం. మామూలు కాన్పు గుంపులో అంతే మందికి 52, అంటే 5 శాతం. మరణాలు విడిగా చూస్తే 3, 13. తల్లుల ఆరోగ్యంలో మొదటి ఆరు వారాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు: 3.9 శాతం, 3.2 శాతం.

ఇంత స్పష్టమైన అంకెలు చూశాక ఏ డాక్టరుకు చేయి ఆడుతుంది? నెదర్లాండ్స్‌లో ఈ వ్యాసం వచ్చిన రెండు నెలల్లోనే ఎదురుకాళ్ల సిజేరియన్లు 50 శాతం నుంచి 80 శాతానికి ఎగబాకాయి. వైద్యంలో ఒక పరిశోధన ఇంత వేగంగా ఆచరణలోకి వచ్చిన సందర్భాలు అరుదు. మన దగ్గరా పీజీ చదివే డాక్టర్లకు ఎదురుకాళ్ల మామూలు కాన్పు కళ్లతో చూసే అవకాశం ఏటికేడు తగ్గిపోయింది.

అయితే అవే అంకెల లోపలికి వెళ్తే కథ మరోలా ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది దేశాల వారీ విడగొట్టిన లెక్క. శిశుమరణాలు తక్కువున్న దేశాల్లో తేడా భారీగా ఉంది: సిజేరియన్‌కు 0.4 శాతం, మామూలు కాన్పుకు 5.7 శాతం. శిశుమరణాలు ఎక్కువున్న, మనలాంటి దేశాల్లో 2.9, 4.4. ఈ రెండో జతలోని తేడా గణాంకాల తూకానికి నిలబడేంత పెద్దది కూడా కాదు. దీనికి ఒక వివరణ, ఆ దేశాల డాక్టర్ల చేతులకు ఈ కాన్పుల అలవాటు ఇంకా పోలేదన్నది. అక్కడ బిడ్డల్ని తొందరగా ఇంటికి పంపేయడం వల్ల కొన్ని జబ్బులు లెక్కకు ఎక్కలేదన్నది ఇంకో వివరణ. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు.

ఇంకొకటి. మామూలు కాన్పు గుంపులో వేసిన 1,042 మందిలో నిజంగా మామూలుగా ప్రసవించినవాళ్లు 591 మందే, 56.7 శాతం. మిగతావాళ్లకు నొప్పుల మధ్యలోనో, అంతకుముందో ఆపరేషన్ తప్పలేదు. కనుక ఇంట్లో మనం అనుకునే ‘ఆపరేషనా, మామూలు కాన్పా’ అన్న పోలిక సరైంది కాదు. నిజమైన పోలిక, ముందే రోజు చూసుకుని చేసే ఆపరేషన్‌కూ, మధ్యలో ఆపరేషన్ కాగల ప్రయత్నానికీ మధ్య. రెండో దారి పట్టాలంటే అర్ధరాత్రయినా థియేటరు, మత్తు డాక్టరు, రక్తం సిద్ధంగా ఉండాలి.

రెండేళ్లకు ఆ పిల్లలు ఎలా ఉన్నారో చూసిన రెండో వ్యాసం 2004లో వచ్చింది. 923 మంది పిల్లల్ని పరీక్షించారు. చనిపోవడం లేదా ఎదుగుదలలో వెనకబడటం సిజేరియన్ గుంపులో 14 మందికి, 3.1 శాతం. మామూలు కాన్పు గుంపులో 13 మందికి, 2.8 శాతం. పుట్టిన కొత్తల్లో కనిపించిన అంతటి తేడా రెండేళ్లకు చెరిగిపోయింది! తొలిరోజుల్లో ‘తీవ్రంగా జబ్బుపడ్డ’ బిడ్డల్లో ఎక్కువమంది కోలుకున్నారన్నమాట. కానీ మొదటి వ్యాసానికి వచ్చిన పేరులో పదోవంతు కూడా దీనికి రాలేదు.

2006లో ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు తమ లెక్క బయటపెట్టారు. 174 ఆసుపత్రులు, 8,105 మంది తల్లులు. ఇక్కడ చీటీలు లేవు; స్కాన్ చూసి, కటి ఎముకలు కొలిచి, బిడ్డ బరువు అంచనా కట్టి, తగినవాళ్లనే మామూలు కాన్పుకు ఎంచారు. అలా ఎంచినవాళ్లు 2,526 మంది. వాళ్లలో 71 శాతం మామూలుగానే కన్నారు. బిడ్డకు తీవ్రమైన హాని 1.60 శాతం; ఆపరేషన్ గుంపులో 1.45. దాదాపు సమానం. అంటే ఎవరికి చేయాలో ఎంచుకోవడం తెలిసి, ఎలా చేయాలో చేతికి అలవాటుంటే తేడా కనిపించనంత తగ్గుతుంది. ఈ రెండు షరతులూ లేనిచోట ఫ్రాన్స్ అంకెను చూపించి మామూలు కాన్పుకు తొందరపెడితే అది మోసమే.

ఇప్పుడు డాక్టర్లు వాడే లెక్క 2017లో బ్రిటన్ రాయల్ కాలేజీ ఇచ్చింది. వెయ్యి కాన్పులకు బిడ్డ మరణాలు: ఎదురుకాళ్లకు 39 వారాల తర్వాత ముందే నిర్ణయించిన సిజేరియన్‌లో 0.5, ఎదురుకాళ్ల మామూలు కాన్పులో 2, తల ముందున్న మామూలు కాన్పులో 1. సిజేరియన్ అంకె తల ముందున్న కాన్పు కన్నా కూడా తక్కువ ఉందేమని అనుమానం రావచ్చు. 39 వారాలకే బిడ్డను బయటికి తీస్తే, ఆ తర్వాతి వారాల్లో కడుపులోనే పోయే కొద్దిమంది ముప్పు కూడా తప్పుతుంది. ఆ లాభం కొంత ఇందులో కలిసి ఉంది. వెయ్యికి రెండు అంటే 998 మంది క్షేమమనీ చెప్పొచ్చు, నాలుగు రెట్లు ఎక్కువ ముప్పు అనీ చెప్పొచ్చు. రెండూ నిజాలే. డాక్టరు ఏ మాట ఎంచుకుంటే కుటుంబం ఆ వైపు మొగ్గుతుంది.

ఆపరేషన్ ఖర్చు బిల్లుతో ఆగదు. నెదర్లాండ్స్ వైద్యులే వేసుకున్న లెక్క ఇది: ఆ 2000 నాటి వ్యాసం తర్వాత నాలుగేళ్లలో అదనంగా సుమారు 8,500 సిజేరియన్లు జరిగాయి, 19 మంది బిడ్డలు బతికి ఉంటారు. అదే కాలంలో తప్పించగలిగి ఉండే తల్లుల మరణాలు నాలుగు. గర్భసంచి మీద మచ్చ వల్ల తర్వాతి కాన్పుల్లో 9 మంది బిడ్డలు పోవచ్చనీ, 140 మంది తల్లులు ప్రాణాల మీదికి తెచ్చుకోవచ్చనీ అంచనా. 2006లో అమెరికాలో ముప్పై వేల పైచిలుకు సిజేరియన్లను పరిశీలించినప్పుడు మాయ గర్భసంచి గోడలోకి అతుక్కుపోయే జబ్బు మొదటి ఆపరేషన్‌లో 0.24 శాతం, రెండోదానిలో 0.31, మూడోదానిలో 0.57 ఉంటే నాలుగోదానిలో ఒక్కసారిగా 2.13కు దూకింది. మాయ కిందికి ఉన్న తల్లులకైతే మూడో ఆపరేషన్ నాటికే అది 40 శాతం.

ఇక్కడ మన రాష్ట్రం సంగతి వేరని ఒప్పుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక మహిళకు 1.7 మంది పిల్లలు. పెళ్లయిన మహిళల్లో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. మొదటి కాన్పు సిజేరియన్, రెండోదీ సిజేరియనే, అదే బల్ల మీద పిల్లలు పుట్టకుండా ఆపరేషన్: మన వైపు పల్లెల్లో ఇది ఇప్పుడు మామూలు క్రమం. నాలుగో సిజేరియన్ దాకా వెళ్లేవాళ్లు అరుదు కనుక నెదర్లాండ్స్ లెక్కలోని భవిష్యత్తు ముప్పు మనకు అంత బరువుగా తగలదు. ఎక్కువమంది పిల్లల్ని కనమని 2024 నుంచి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెబుతూ వస్తున్నారు. ఆ మాట విని మూడో బిడ్డకు సిద్ధమయ్యే ఇల్లు, మొదటి కాన్పు ఎలా అయిందో కూడా ఆ నిర్ణయంలో కలుపుకోవాలి.

ఇంకో అపోహ కూడా తీరాలి. మన దగ్గర సిజేరియన్లు ఎక్కువ కావడానికి ఇలాంటి చిక్కు కేసులే కారణమని ఒక వాదన వినిపిస్తుంది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ సిజేరియన్లు 42.4 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6, ప్రైవేటులో 63. తెలంగాణ 60.7. దేశ సగటు 21.5. వెయ్యి కాన్పులకు 424 ఆపరేషన్లు అనుకుంటే, ఎదురుకాళ్ల బిడ్డలందరికీ కోతే పెట్టినా అవి 40కి మించవు. పదిలో ఒక వంతు కూడా కాదు. మిగతా 384కు కారణాలు వేరేచోట వెతకాలి. ఆ భారమంతా ఎదురుకాళ్ల బిడ్డ నెత్తిన వేయడం అన్యాయం.

సరే, నిమ్మనపల్లెలో ఉండే గర్భిణికి ఈ అంకెల్లో ఏది వర్తిస్తుంది? మండల కేంద్రంలో ఉండేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం; అక్కడ ఆపరేషన్ ఉండదు. ఆపరేషన్ కావాలంటే మదనపల్లె దారి పట్టాలి. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆర్కాటు మిషన్ కాలం నాటి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు నర్సింగ్ హోములున్నాయి. పుంగనూరు మీదుగా కుప్పం పీఈఎస్ వైద్య కళాశాలకు వెళ్లాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. నొప్పులు మొదలయ్యాక అది దారి కాదు. నా అభిప్రాయం దాచుకోను: ఎదురుకాళ్ల కాన్పులు చేతికి అలవాటైన డాక్టరు, రాత్రీ పగలూ తెరిచి ఉండే థియేటరు రెండూ ఒకేచోట దొరకని ప్రాంతంలో, తొలిచూలు గర్భిణికి 39 వారాల తర్వాత ముందే నిర్ణయించిన సిజేరియన్ తెలివైన పనే. ముందే నిర్ణయించిన సిజేరియన్ నిమ్మనపల్లెకు అందుబాటులో ఉంది. ఫ్రాన్స్ తరహా మామూలు కాన్పు అందుబాటులో లేదు.

అలాగని చేతి విద్య అక్కర్లేదని కాదు. ముందే తెలిసిన ఎదురుకాళ్లకు థియేటరు సమాధానం. నొప్పులు ముదిరాక, 108 బండిలోనే పిర్రలు కనిపించినప్పుడు థియేటరు సంగతి మాట్లాడి లాభం లేదు. అప్పుడు పక్కనున్న సిబ్బంది లాగకుండా ఆగగలగాలి, మూడు నిమిషాలు గడిచాక ఏం చేయాలో తెలిసి ఉండాలి. బొమ్మ మీద చేసి చూపించినా నేర్చుకోవచ్చు. అందరికీ సిజేరియన్ చేసే లోకంలో ఈ శిక్షణ అవసరం పెరిగింది, తగ్గలేదు.

ఈ రెండు దారుల గొడవలో మూడోది మరుగున పడింది. బిడ్డను కడుపు మీంచే తిప్పడం. డాక్టర్లు ఈసీవీ అంటారు. తొలిచూలుకు 36 వారాలప్పుడు, అంతకుముందు కన్నవాళ్లకు 37 వారాలప్పుడు చేస్తారు. ముందు స్కాన్: తల ఎక్కడ, వీపు ఏ వైపు, మాయ ఎక్కడ, ఉమ్మనీరు సరిపడా ఉందా. గర్భసంచి వదులయ్యేందుకు ఒక ఇంజెక్షన్. డాక్టరు పొట్ట మీద జెల్ రాసి, ఒక చేత్తో పిర్రల్ని కటిలోంచి పైకి లేపుతారు, రెండో చేత్తో తలను కిందికి నెడతారు. బిడ్డ ముందుకు పిల్లిమొగ్గ వేసినట్టు తిరుగుతుంది. మధ్యమధ్యలో ఆపి గుండె చప్పుడు చూస్తారు. తల్లికి గట్టిగా ఒత్తినట్టు ఉంటుంది, నొప్పి భరించలేనంటే అక్కడితో ఆపేస్తారు. అంతా కొద్ది నిమిషాల పని. తల్లి రక్తం నెగటివ్ గ్రూపు అయితే తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు.

ఇది సగం మందికి ఫలిస్తుంది; తొలిచూలుకు వందలో 40, తర్వాతి కాన్పులకు 60. తిరిగిన బిడ్డ మళ్లీ వెనక్కి తిరిగేది వందలో ముగ్గురికి లోపే. తిప్పిన వెంటనే అత్యవసర సిజేరియన్ అవసరమయ్యేది రెండు వందల్లో ఒకరికి. అందుకే థియేటరు పక్కనున్న చోటే చేయాలి. కవలలున్నా, మాయ కిందికున్నా, రక్తం పోతున్నా, ఉమ్మనీరు పోయినా చేయరు. ఇంట్లో ఆముదం రాసి పొట్ట తోమి తిప్పుతామనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకూడదు. బిడ్డ గుండె చప్పుడు వినకుండా, మాయ ఎక్కడుందో తెలియకుండా తోస్తే మాయ ఊడిపోయే ప్రమాదం ఉంది.

వందమంది ఎదురుకాళ్ల గర్భిణులకు ఈ ప్రయత్నం చేస్తే సుమారు యాభై మందికి తల ముందుకొస్తుంది, కోత తప్పే అవకాశం వస్తుంది. ‘తిప్పి చూస్తారా డాక్టరమ్మా?’ అని గర్భిణి అడగకపోతే ఆ మాట ఎత్తని చోట్లే ఎక్కువ. ఓపీలో వందమంది వరసలో ఉన్నప్పుడు ఆపరేషన్ తేదీ రాయడం తేలిక.

మన వైపు చిక్కు ఇంకొకటుంది. తొలికాన్పు పుట్టింట్లో. బెంగళూరులో కాపురం ఉండే అమ్మాయి అక్కడే స్కాన్లు తీయించుకుని, ఎనిమిదో నెల దాటాక నిమ్మనపల్లెకు వస్తుంది. ఫైలు అక్కడి డాక్టరుది, కాన్పు ఇక్కడి డాక్టరుది. ఏడో నెల రిపోర్టులో రాసిన ఎదురుకాళ్లనే ఇప్పటికీ నిజమనుకోవడమో, లేక అప్పుడు తల కిందికే ఉంది కదాని ధీమాగా ఉండటమో జరుగుతుంది. రెండూ తప్పే. 36 వారాలకు పొట్ట పట్టి చూసి, అనుమానమొస్తే స్కాన్ తీయాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్ష చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఊళ్లోని ఆశా కార్యకర్తకు తేదీ చెబితే తోడు వస్తుంది.

ఎదురుకాళ్ల బిడ్డ కోతతో వచ్చినా, మామూలుగా వచ్చినా ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. కడుపులో కాళ్లు పైకి చాచి కూర్చున్నందువల్ల తుంటి కీలు గుంటలో సరిగా కుదరకపోయే అవకాశం ఈ పిల్లల్లో ఎక్కువ. ఆరు వారాల వయసులో తుంటికి స్కాన్ తీస్తే తెలిసిపోతుంది, అప్పుడు పట్టీతో సరిచేయొచ్చు. నడక వచ్చి కుంటడం మొదలయ్యాక తెలిస్తే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. ఈలోగా కాళ్లు రెండూ కలిపి గట్టిగా గుడ్డ చుట్టకండి. మెడ నిలిచాక, కాళ్లు రెండు వైపులా ఎడంగా ఉండేలా చంకనేసుకోండి.